చాపదార వయసు

మా డైరెక్టర్ గారు ఈ ఉదయం మళ్లీ ఫోన్ చేశారు. అవార్డు సభకు పట్టుచీర కట్టుకుని రమ్మని, మాట్లాడటానికి మూడు నిమిషాలే ఇస్తారని, కళ్లజోడు మరిచిపోవద్దని. ఈ వారంలో ఇది మూడోసారి. రానని రెండుసార్లు చెప్పాను. అది వినయం అనుకుంటున్నాడాయన. ఇరవై ఏళ్లుగా నాతో పనిచేస్తున్న మనిషి, నా దగ్గర వినయం ఎప్పుడు చూశాడో కాస్త గుర్తు చేసుకోవద్దూ?

నా పేరు కందగట్ల అనసూయ. రాళ్ల వయసు చెప్పడం నా పని. నాకీ అవార్డు ముప్పై ఒక్క కుటుంబాల ప్రాణాలు కాపాడినందుకట. నేనెవరినీ కాపాడలేదు. ఉన్న ఊరు పోగొట్టాను, నిలబడి ఉన్న జలపాతాన్ని పడగొట్టాను. నోటితో చెబితే వినేవాళ్లు లేరు గనుక రాస్తున్నాను.

చాపదార గోదావరికి అవతలి అడవిలో ఉంటుంది. ఉండేది. ఆరువందల అడుగుల కొండ అంచు మీద నుంచి నీళ్లు ఒక్క పాయగా కాకుండా, వెడల్పుగా, పరిచిన చాపలా దిగేవి. అందుకే ఆ పేరు. అడుగున గుండం, గుండం నుంచి తోగు అని పిలిచే ఒక చిన్న వాగు, ఆ తోగు ఒడ్డున ముప్పై ఒక్క ఇళ్ల ఊరు. పైన, అంచుకి వెనకాల, అరమైలు పొడవున లోతైన మడుగు. అంచు తెగితే ఆ మడుగు మొత్తం ఊరి మీద పడుతుంది. ఆ అంచు ఎన్నాళ్లు నిలుస్తుందో తేల్చమని ప్రభుత్వం మా ల్యాబును అడిగింది. అది నిరుటికి ముందటి ఎండాకాలం కాదు, నిరుడే. ఎన్నో ఏళ్లయినట్టు అనిపిస్తుంది గానీ నిరుడే.

ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పాలంటే ముందు జలపాతం ఎలా పుట్టిందో తెలియాలి. అందుకు నా దగ్గర చీకటిగడియారం ఉంది. పన్నెండేళ్లు కూర్చుని చేసుకున్న పరికరం. రాతిలోని ఇసుక రేణువు చీకట్లో ఉన్నంతకాలం చుట్టూ ఉన్న రాతి నుంచి సన్నగా శక్తిని కూడబెట్టుకుంటుంది. ఎండ తగిలిందంటే కూడబెట్టినదంతా పోయి మళ్లీ సున్నా నుంచి మొదలు. ఇది పాత సంగతే. రాయిని కోయకుండా, చీకటిని చెదరగొట్టకుండా, సందులోకి ఒక పలుచని నాలుకను దూర్చి ఉన్నచోటే చదవడం నా కొత్త సంగతి. మొదటిసారి ఇంట్లోనే పరీక్షించాను. పెరట్లో రోలు కింద దూర్చితే ముప్పై నాలుగేళ్ల మూడు నెలలని చూపించింది. మా అత్తగారు ఆ రోలు అక్కడ వేయించింది మా పెళ్లికి ఏడాది ముందు.

"పదిహేను రోజులకు మించి తప్పదు ఇది" అన్నాను మా ఆయనతో.

సుదర్శనం గారు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. రోలు వైపు చూసి, "నువ్వూ తప్పవని చెప్పుకుంటావు కదా. ఇద్దరికీ జోడీ కుదిరింది" అన్నారు.

లోయలో మొదటి రెండు వారాలు పండుగలా గడిచాయి. చాపదార పుట్టుక బండల్లో రాసి ఉంది. కొండ పైభాగం గట్టి ఇసుకరాయి, దాని కింద మెత్తటి పలకరాయి. పడే నీళ్లు కింది మెత్తదాన్ని తొలుస్తాయి. ఆసరా పోయిన పైరాయి ఒకరోజు విరిగి కూలుతుంది. జలపాతం ఆ మేరకు కొండలోకి వెనక్కి జరుగుతుంది. మళ్లీ తొలవడం, మళ్లీ కూలడం. కూలిన ప్రతి బండా తన అడుగున చీకటిని పట్టుకుని కూర్చుంటుంది. ఎప్పుడు పడిందో ఆ చీకటి చెబుతుంది. రెండు మైళ్ల లోయ పొడవునా నేనూ, నా సహాయకుడు ఫిరోజ్ బండబండకీ వంగి నాలుక దూర్చాం. లోయ మొదట్లో పడిన బండకి లక్షా ఇరవై వేల ఏళ్లు. అక్కడి నుంచి సుమారు రెండువందల ఏళ్లకొకటి చొప్పున, మెట్లెక్కినట్టు వరసగా వచ్చాయి.

గుండం దగ్గర లెక్క ఆగిపోయింది. అన్నిటికంటే కొత్తగా పడిన బండ వయసు పంతొమ్మిది వందల ఏళ్లు. ఆ తర్వాత ఒక్కటీ లేదు. లక్ష ఏళ్లుగా వెనక్కి నడుస్తూ వచ్చిన జలపాతం పంతొమ్మిది వందల ఏళ్ల కింద ఉన్నచోటే నిలబడిపోయింది.

ఎందుకు నిలబడిందో అప్పుడు నేను అడగాల్సింది. అడగలేదు. అంచు చూడాలన్న తొందర.

ఏప్రిల్లో పైన నీళ్లు చీలమండ లోతు. అంచు పొడవునా మంచమంత పలకలు, బెత్తెడు మందంవి, ఇంటి పెంకుల్లా ఒకదాని పక్కన ఒకటి ఒదిగి ఉన్నాయి. లెక్కపెడితే రెండువందల పదిహేడు. వాటి కింద వేల ఏళ్ల చీకటి ఉండాలి.

"మేడం, ఇది కూడా పదకొండు నెలలే" అన్నాడు ఫిరోజ్. అది అరవయ్యో పలక.

"సరిగ్గా దూర్చావా?"

"నాలుగుసార్లు దూర్చిన. అన్నీ పదకొండు నెలలే. ఒక్కటి కూడా తేడా లేదు."

పదకొండు నెలల కింద ఆ పలకల అడుగుకు ఎండ తగిలిందంటే పలకలన్నీ లేచి పడ్డాయన్నమాట. అంతకుముందు ఏటి వరద వాటిని మూతల్లా ఎత్తి వదిలిందన్నమాట. అంచు మొత్తం వదులైపోయి, ఈసారో వచ్చేసారో పోవడానికి సిద్ధంగా ఉంది. కింద ముప్పై ఒక్క ఇళ్ల పొగలు కనిపిస్తున్నాయి.

ఫిరోజ్ నాలుక కొసనున్న కెమెరా బొమ్మ చూస్తూ, "మేడం, కింది పక్క కూడా పై పక్క లెక్కనే నున్నగున్నది. నీళ్లు రెండు దిక్కులా అరగదీసినట్టు" అన్నాడు.

"నిన్ను కొలవమన్నాను. కథలు చెప్పమనలేదు."

వాడు నాలుకను తర్వాతి సందులోకి దూర్చాడు. ముప్పై నాలుగేళ్లవాడు, నాకంటే చురుకైన కళ్లు. ఇంకో తప్పు కూడా అప్పుడే చేశాను. అంతకుముందు ఏడు మొదటి వరద జూన్‌లో వచ్చింది. ఏప్రిల్‌కి అది పది నెలలు. గడియారం చెప్పింది పదకొండు. పదిహేను రోజులకు మించి తప్పదని ఊరంతా డప్పు కొట్టుకున్న నేనే ఆ నెల తేడాను 'పరికర దోషం' అని నోట్‌బుక్‌లో ఒక్క మాటతో కొట్టేశాను.

మే మొదటివారంలో ఊరి పెద్ద కుర్సం ముత్తక్క మా గుడారం దగ్గరికి వచ్చింది. అరవై దాటిన మనిషి, బొంగురు గొంతు. "రేపటి సంది మూడొద్దులు పైకి రావొద్దమ్మా. మా పనున్నది" అంది.

"ఏం పని?"

"మా పని."

పండుగేమో అనుకున్నాను. పైన నా పని ఎలాగూ అయిపోయింది. మూడు రోజులూ గుడారంలో కూర్చుని రిపోర్టు మొదలుపెట్టాను. నాలుగో రోజు ముత్తక్క మళ్లీ వచ్చింది. కుడిచేతి బొటనవేలి గోరు నల్లగా కమిలి ఉంది. రాయి పడిందా అని అడిగితే తలూపింది. మందు రాసి కట్టు కట్టాను. ఆమె వెళ్లకుండా అక్కడే గొంతుక్కూర్చుంది. ఊరు ఖాళీ చేయిస్తారన్న మాట అప్పటికే పొక్కింది. అడుగుతుందనుకున్నాను, అడగలేదు. గంటసేపు కూర్చుని వెళ్లిపోయింది. మర్నాడు వచ్చింది, కూర్చుంది, వెళ్లింది. ఆ తర్వాతి రోజూ అంతే. నాకు చిరాకేసింది. చెప్పేదేదో చెప్పొచ్చు కదా, మూగనోము ఏమిటి అనుకున్నాను. తోగు దగ్గర నీళ్లు ముంచుకునేవాళ్ల చేతులు కూడా చూశాను. ఇద్దరు ముగ్గురికి కాదు, దాదాపు అందరికీ ఒక్కో వేలి గోరు నల్లగా ఉంది. చూశాను, అంతే. రాళ్ల వయసు చెప్పే కళ్లు మనుషుల వేళ్లు చదవలేకపోయాయి.

తొలకరికి ముందే రిపోర్టు ఇచ్చేశాను. 'అంచు కూలే ప్రమాదం తక్షణం. ఊరిని తరలించాలి.' జూలై ఆఖరుకి ముప్పై ఒక్క కుటుంబాలనూ లారీల్లో ఎక్కించి నలభై మైళ్ల దూరంలో, హైవే పక్క రేకుల కాలనీలో దింపారు. అడవికి గేటు వేశారు. మనుషుల్ని ముందే కాపాడిన పరికరం అని పేపర్లలో చీకటిగడియారం బొమ్మ వేశారు. నేను ఆ కాగితం కత్తిరించి దాచుకున్నాను కూడా, నిజం దాచడమెందుకు.

* * *

ఈ ఏడాది ఏప్రిల్‌లో ఒక ఆదివారం. మా ఆయన ముందుగదిలో జంపఖానా ఎత్తి దులుపుతున్నారు. మా నాన్న వరంగల్ కొత్తవాడలో నేసినది, పెళ్లికి ఇచ్చినది. దులిపి, తిరగేసి పరిచారు.

"రంగు బాగానే ఉంది కదా, ఎందుకు తిప్పడం?" అన్నాను.

"మీ నాన్న చెప్పిన మాటే. ఏడాదికోసారి తిప్పాలి అల్లుడూ, ఒకేపక్క తొక్కితే నడుమ దారిపడి చిరుగుతుంది, రెండు పక్కలా అరిగితే మూడు తరాలు ఉంటుంది అన్నాడు. ముప్పై మూడేళ్లుగా తిప్పుతూనే ఉన్నాను. నువ్వు ఇంట్లో ఉంటే కదా చూడటానికి."

చేతిలో టీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. జంపఖానా రెండు పక్కలా ఒకే తీరుగా వెలిసి ఉంది. కింది పక్క కూడా పై పక్క లెక్కనే నున్నగున్నది మేడం. పదకొండు నెలలు. మూడొద్దులు పైకి రావొద్దమ్మా. నల్లగోళ్లు. నేతగాడి కూతురినై ఉండి, ఇది నాకు తట్టకపోతే ఇంకెవరికి తట్టాలి?

చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా ల్యాబుకు పరుగెత్తాను. ఫిరోజ్‌ని పిలిపించి చాపదార ఫైళ్లన్నీ కింద పరిచాం. లక్ష ఏళ్లు నడిచి పంతొమ్మిది వందల ఏళ్ల కింద ఆగిపోయిన జలపాతం. వరద కాదు, చేతులు. ఏటా ఎండాకాలం నీళ్లు సన్నబడగానే ఊరంతా పైకెక్కి పలకల్ని ఎత్తి, సందుల్లో వేళ్లు పీకి, బంకమట్టి కూరి, అరిగిన పక్క కిందికి తిప్పి పరుస్తున్నారు. నీళ్లు ఒకేచోట గాడి పడకుండా వెడల్పుగా పారుతున్నాయి. పలకల కిందనున్న పగుళ్లలోకి దిగడం లేదు. చాపదార చాపలా ఉన్నది అందుకే. కొండను నీళ్లు చెక్కాయి, నిజమే. దాన్ని నిలబెట్టింది మాత్రం వాళ్లు.

ఫిరోజ్ ఒక కాగితం పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమిటది?"

"చదవండి మేడం."

నిరుడు జూన్ నెలాఖరున ఊరివాళ్లు పెట్టుకున్న అర్జీ. ఎవరో బడి పంతులు రాసిపెట్టినట్టున్నాడు, గుండ్రటి అక్షరాలు, కింద ముప్పై ఒక్క వేలిముద్రలు. 'చాపదార మీది రాళ్లు మేము ఏడాదికొకసారి తిప్పుతాము. ఇంటికి ఏడు రాళ్లు. మా తాతలనాటి నుంచి తిప్పుతున్నాము. మేము లేకపోతే అది నిలవదు.' అంతే. అంత సూటిగా. అధికారులు దాన్ని మా ల్యాబుకు అభిప్రాయం కోసం పంపారు. దాని కవరు మీద ఎర్రసిరాతో నా చేతిరాత. 'సాంకేతికంగా సంబంధం లేదు.' కింద నా సంతకం. పైన కవరు మీది సంగతి చూసి రాసేశాను, అర్జీ విప్పి చదివిన గుర్తు లేదు.

నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయను. ఫిరోజ్ మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

* * *

కాలనీలో ముత్తక్క ఇల్లు మూడో లైనులో పద్నాలుగో నంబరు. రేకు నీడన కూర్చుని చింతగింజలు కొడుతోంది. నన్ను చూసి లేవలేదు. విషయం మొత్తం చెప్పాను. చెబుతుంటే నా గొంతు విని నాకే అసహ్యమేసింది.

"నా గుడారం దగ్గర మూడు రోజులు కూర్చున్నావు ముత్తక్కా. ఒక్క మాట చెప్పి ఉంటే..."

"రాయి తిప్పినంక తొలకరి పడేదాంక దాని ముచ్చట బయటోళ్లతోని ఎత్తొద్దు. ఎత్తితే నీళ్లు ఇడిపోతయంటరు. నోరిప్పితే ఊరు పోతదని నోరు కట్టుకుని కూసున్నం. నువ్వే అడుగుతవేమో, తలన్న ఊపొచ్చని నీ ముందలొచ్చి కూసున్న. నువ్వడగకపోతివి." గింజ మీద రాయి వేసింది. "వాన పడంగనే కాయితం పెట్టినం. దానికీ మారు రాకపాయె."

జవాబు ఉంది, ఎర్రసిరాతో రాసింది నేనే అని చెప్పాను. చెప్పకుండా ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. తిడుతుందేమోనని ఎదురుచూశాను, తిట్టినా బాగుండేది.

"ఈ యేడు తిప్పుడు దినాలకు ఇంకా పదొద్దులున్నయ్" అంది చివరికి. "అందర్ని పోనిస్తరా?"

"పోనిస్తారు. నేను చూసుకుంటాను" అన్నాను. నా నోటికి హద్దు లేదు.

డైరెక్టర్ గారు అంతా విని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మీ భావోద్వేగం నాకర్థమైంది అనసూయ గారూ. కానీ రిపోర్టు వెనక్కి తీసుకుంటే పరికరం మీద నమ్మకం పోతుంది. ఇంకో ఎనిమిది జలపాతాలకు అడుగుతున్నారు. రివ్యూ కమిటీ వేయిద్దాం. సెప్టెంబర్‌లో కూర్చుంటుంది."

"సెప్టెంబర్ అంటే వానలయ్యాక. తిప్పాల్సింది మేలో."

"ప్రొసీజర్ అనేది ఒకటుంటుంది కదండీ."

అడవి ఆఫీసుకు వెళ్లాను. ప్రమాద ప్రాంతమని ప్రకటించిన చోటికి నూటముప్పై మందిని ఎలా పంపుతామన్నారు. ప్రమాదం లేదని నేనే అంటున్నాను కదా అంటే, ప్రమాదం ఉందని రాసింది కూడా మీరే కదా అన్నారు. కలెక్టర్ ఆఫీసులో ఫైలు నా రిపోర్టు దగ్గర మొదలై నా రిపోర్టు దగ్గరే ముగుస్తోంది. ఎక్కడికెళ్లినా నా సంతకమే నాకు అడ్డం నిలబడింది. కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. పన్నెండు రోజులు తిరిగితే, పరికరం సరిచూసుకోవడానికి అనే పేరు మీద నలుగురికి, రెండు రోజులకు పర్మిషన్ ఇచ్చారు.

నలుగురం వెళ్లాం. నేను, ఫిరోజ్, ముత్తక్క, ఆమె భర్త జోగయ్య. రెండు గడ్డపారలు, నాలుగు వెదురు బొంగులు. పైకెక్కి చూశాం. ఒక్క ఏడాది చెయ్యి పడకపోతే అంచు రూపే మారిపోయింది. సందుల్లో జువ్వి మొక్కలు వేళ్లు దించాయి. నడుమ పలకలు ఐదారు పక్కకి జరిగి, నీళ్లన్నీ ఆ గాడిలోకే గుంజుకుంటున్నాయి. రెండు కొసలా అంచు పొడిగా ఎండిపోయి ఉంది.

ముత్తక్క తమ ఇంటి రాళ్ల దగ్గరికి నేరుగా వెళ్లింది. ఎడమ కొస నుంచి ఇరవై రెండో వరస, ఏడు పలకలు. జోగయ్య గడ్డపార దూర్చి, "పట్టు బిడ్డా" అన్నాడు ఫిరోజ్‌తో. బొంగులు ఆనించి, నలుగురం ఊపిరి బిగబట్టి ఎత్తితే పలక నిలువునా లేచి, ఒక్క క్షణం నిలబడి, అవతలికి ఒరిగింది. రెండో పలక ఒరుగుతున్నప్పుడు నా వేలు దాని కింద పడింది. కళ్ల ముందు మెరుపులు మెరిశాయి.

"చెయ్యి ఎప్పుడు తియ్యాల్నో రాయే నేర్పుతది" అంది ముత్తక్క. ఆ రోజు ఆమె నాతో అన్న మంచి మాట అదొక్కటే.

సాయంత్రానికి ఏడూ అయ్యాయి. మర్నాడు పొద్దున నేను గాడి దగ్గరి పలక మీద గడ్డపార వేయబోతే ముత్తక్క ఆపింది.

"గవి మావి గావు. ఇర్పోళ్లింటియి. వాళ్ల రాయి వాళ్లే తిప్పాలె."

"వాళ్లని గేటు లోపలికి రానివ్వడం లేదు ముత్తక్కా. ఎవరి రాయైతే ఏమిటి? ఇది పోతే అన్నీ పోతాయి."

"నీ ఇంట్ల పొయ్యి నేనొచ్చి అంటిస్తే ఒప్పుకుంటవా?"

"ఇల్లు మునుగుతుంటే ఒప్పుకుంటాను."

"మునిగేటట్టు చేసింది ఎవలు?"

ఆమె బండ మీద కూర్చుని లోయ వైపు తిరిగింది. కింద ఊరున్నచోట గోడల గుర్తులు మాత్రం కనిపిస్తున్నాయి. జోగయ్య కాసేపు తల గోక్కుని, "ఇర్ప లచ్చు నా తోడల్లుడేనాయె. వాడేమన్నంటే నేను పడత" అని గడ్డపార తీసుకున్నాడు. మొదటి పలక ముగ్గురితో లేవలేదు. రెండోసారి ఎత్తుతుంటే నాలుగో బొంగు వచ్చి ఆనింది. ముత్తక్క కళ్లు తుడుచుకోకుండానే ఎత్తుతోంది. పొద్దుగూకేదాకా తిప్పితే ఐదు అయ్యాయి. మొత్తం పన్నెండు. మిగిలినవి రెండువందల ఐదు. గార్డు వచ్చి టైమైందన్నాడు.

* * *

ఆగస్టు పందొమ్మిదిన ఉదయం పదకొండు గంటలకు చాపదార అంచు కూలింది. గాడి దగ్గర నీళ్లు పలకల్ని లాగేసి పగుళ్లలోకి దిగాయి. ఏనాడో ఆసరా పోయిన బండ, ఇన్నాళ్లు ఆ పెంకుల కాపుదలలో నిలబడ్డది, నలభై అడుగుల మేర విరిగింది. మడుగు ఇరవై నిమిషాల్లో ఖాళీ అయింది. ఊరు ఉన్నచోట ఇంటెత్తు బండలు పరుచుకున్నాయి.

మధ్యాహ్నానికల్లా డైరెక్టర్ గారు ఫోన్ చేశారు. ఆయన గొంతులో కన్నీళ్లు, నిజం కన్నీళ్లు. "అక్షరం తప్పలేదండీ. మీరు చెప్పినట్టే జరిగింది. ముప్పై ఒక్క కుటుంబాలు. తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తోంది."

"నేను చెప్పినట్టు జరగలేదు సార్. నేను చెప్పాను కాబట్టి జరిగింది. వాళ్లు అక్కడ ఉండి ఉంటే అది కూలేది కాదు."

"ఉండి ఉంటే పోయేవాళ్లు" అన్నారాయన మెత్తగా, చిన్నపిల్లకు చెప్పినట్టు. "మీరు బాగా అలసిపోయారు. విశ్రాంతి తీసుకోండి."

దాన్ని తప్పని నేనెలా రుజువు చేయను? తిప్పిన పలకలు, తిప్పని పలకలు అన్నీ కలిసి ముక్కలై గుండంలో ఉన్నాయి. రాయికి ఎండ ఎప్పుడు తగిలిందో నా గడియారం చెబుతుంది. తగిలించిన చెయ్యి ఎవరిదో చెప్పదు. రివ్యూ కమిటీ సెప్టెంబర్‌లో కూర్చుని, జోస్యం ఫలించినందున సమీక్ష అవసరం లేదని రెండు వాక్యాలు రాసి లేచింది. మిగతా ఎనిమిది జలపాతాలకు పరికరం పంపిస్తున్నారు. సర్వే ఫారం మొదటి పేజీలో నేనొక ప్రశ్న చేర్చాను: 'ఇక్కడి రాళ్లను ఎవరైనా ముట్టుకుంటారా? ఊళ్లో కూర్చుని, తొలకరి దాకా ఆగి కనుక్కోవాలి.' అది సాంకేతికం కాదని తీసేశారు. మళ్లీ చేర్చాను. మళ్లీ తీసేశారు. ఫిరోజ్ మొదటి జట్టుతో వెళ్తున్నాడు, ఫారంలో లేకపోయినా అడుగుతానన్నాడు. ప్రస్తుతానికి నాకున్న ఆశ వాడే.

ఇవాళ సభ. మా ఆయన పట్టుచీర తీసి మంచం మీద పెట్టారు, నా మొహం చూసి మళ్లీ బీరువాలో పెట్టేశారు. "కాలనీకేనా?" అన్నారు. టిఫిన్ డబ్బా కట్టి బస్టాండు దాకా వచ్చారు.

ముత్తక్క రేకు నీడనే కూర్చుని ఉంది. జోగయ్య ఎక్కడో గోదాములో మూటలు మోయడానికి వెళ్లాడట. చెప్పడానికి నా దగ్గర కొత్త మాట ఏమీ లేదు. నిరుడు ఆమె నా గుడారం ముందు కూర్చున్నట్టే నేనూ గొంతుక్కూర్చున్నాను. చాలాసేపటికి ఆమె నా కుడిచెయ్యి అందుకుని వేలు ఎత్తి చూసింది. పలక కింద పడిన గోరు. ఆరు నెలల్లో నల్లమచ్చ పెరిగి పెరిగి కొసకి వచ్చింది.

"ఇంకో నెలల పోతది" అంది. తన బొటనవేలు చూపించింది. గోరు తెల్లగా, శుభ్రంగా ఉంది. "మా అందరియి పోయినయి."

ఆ లైను పొడవునా గడపల్లో మనుషులు కూర్చుని ఉన్నారు. బియ్యం ఏరుతున్నవాళ్లు, బీడీ చుడుతున్నవాళ్లు, ఊరికే మోకాళ్ల మీద చేతులు పెట్టుకున్నవాళ్లు. లేచి మూడు లైన్లలోనూ ఒక్కొక్క ఇంటి ముందు నుంచీ నడుస్తూ ఆ చేతులు చూశాను. ఈసారి సరిగ్గా చూశాను. ముప్పై ఒక్క ఇళ్లలో నల్లగోరు నాదొక్కటే.